మూసారాం ఎవరు?

మన రాయికల్ వాళ్ళకు హైదరాబాదు కొత్త కాదు. ఆఫీసు పనికో, ఆసుపత్రికో, పిల్లల దగ్గరికో పోతూనే ఉంటాం. మలక్‌పేట దాటగానే కండక్టరు "మూసారాంబాగ్" అని కేక వేస్తే మూటాముల్లె సర్దుకుని దిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ మూసారాం ఎవరో భక్తుడో, షావుకారో అనుకునేవాణ్ణి. ఆయన భక్తుడు కాదు. షావుకారు కావాలని వచ్చిన మాట మాత్రం నిజం.

అసలు పేరు రేమండ్. 1755లో ఫ్రాన్సులో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1775లో, వర్తకం చేసుకుందామని పుదుచ్చేరి వచ్చాడు. ఆ రోజుల్లో దక్కనులో సరుకుల బేరం కంటె సిపాయిల బేరమే లాభం. మొదట మైసూరు వైపు, తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ కింద పనిచేసి, 1786లో రెండవ నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు.

మొదట ఆయన కింద ఉన్నది 300 మంది. వాళ్ళకు తుపాకులు కూడా సొంతం కావు. ఒక ఫ్రెంచి వర్తకుని దగ్గర తుపాకీకి నెలకు ఎనిమిది అణాల కిరాయికి తెచ్చాడని ఆ కాలపు ఇంగ్లీషువాళ్ళు రాసిపెట్టారు. పన్నెండేళ్ళలో ఆ పటాలం సుమారు 14,000 మంది అయింది. ఫతే మైదాన్ పక్కన గన్‌ఫౌండ్రీ అంటున్నామే, ఆ ఫిరంగుల కార్ఖానా ఆయన పెట్టించినదే.

ఇక్కడ ఒక అమెరికావాని ముచ్చట చెప్పాలె. జాన్ పార్కర్ బాయిడ్ అని, 1764లో మాసచూసెట్సులో పుట్టినవాడు. వాళ్ళ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఎన్నో ఏండ్లు కాలేదు. 1789లో మన దేశం వచ్చి సొంత ఖర్చుతో సిపాయిలను, తుపాకులను, ఏనుగులను కూడగట్టి దొరలకు కిరాయికిచ్చేవాడు. నేటి మాటలో కాంట్రాక్టరు! అదీ సిపాయిగిరీ, అదీ బేరమే. 1795లో మరాఠాలతో ఖర్దా యుద్ధం జరిగినప్పుడు ఆయనా నిజాం కొలువులోనే ఉన్నాడు. రేమండ్ బలం పెరగడం గిట్టని ఇంగ్లీషు రెసిడెంటు ఇటువంటివాళ్ళను ముందుకు తోసేవాడు. ఖర్దాలో నిజాం ఓడిపోయాడు. మరుసటి ఏడు బాయిడ్ పుణె పోయి పీష్వా కొలువులో చేరాడు. చివరకు తన పటాలాన్ని అమ్ముకుని స్వదేశం చేరి, 1812 యుద్ధంలో అక్కడ బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1830లో బోస్టనులో చనిపోయాడు. హైదరాబాదులో బాయిడ్ పేరు ఎత్తేవాడు లేడు.

రేమండ్ మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. ఖర్దా తర్వాత నిజాం కొడుకు అలీజా తిరుగుబాటు చేస్తే అణచి వచ్చింది ఆయనే. 1798 మార్చి 25న చనిపోయాడు. విషం పెట్టారని కొందరు, తానే తాగాడని కొందరు అనుకున్నారు.

ఆ తర్వాత జరిగింది పెన్షనర్లు శ్రద్ధగా వినదగినది. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయడానికి ఒప్పుకున్నాడు. అక్టోబరులో కంపెనీ సైన్యం చుట్టుముట్టింది. కాని పెద్ద యుద్ధమేమీ జరగలేదు. జీతాల బకాయిల కోసం సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే పట్టి బంధించారు. బకాయిలు ఇప్పిస్తామని మాట దొరకగానే ఆయుధాలు కింద పెట్టారు. 14,000 మంది ఫౌజు కొన్ని గంటల్లో కరిగిపోయింది. చరిత్ర పుస్తకాలు దీన్ని ఇంగ్లీషువాళ్ళ చాతుర్యం అంటాయి. నాకైతే నెలకు నెల జీతం ముట్టకపోవడమే అసలు కారణంగా కనిపిస్తుంది.

రేమండ్ సమాధి అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. సుమారు ఏడు మీటర్ల రాతి స్తంభం, దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలు రెండు. పక్కన స్తంభాల మండపం. ఏటా మార్చి 25న అక్కడ ఉర్సులాగా దీపాలు పెట్టేవారు. నిజాం ఇంటి నుంచి చుట్టల పెట్టె, బీరు సీసా వచ్చేవని కూడా చెబుతారు. హిందువులు మూసా రాం అన్నారు, ముస్లిములు మూసా రహీం అన్నారు. ఫ్రెంచి "మొస్యూ" మన నోట్లో మూసా అయింది. 2001 వానలకు ఆ మండపం కూలిపోయింది. తర్వాత మళ్ళీ నిలబెట్టారు.

ఫ్రెంచివాళ్ళ చేతి పని చూడడానికి మనం అంత దూరం పోనక్కరలేదు. జగిత్యాల కోట ఉంది. నక్షత్రం ఆకారంలో, చుట్టూ ఖందకంతో ఉన్న ఆ కోటను జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారనీ, ఊరికి వాళ్ళ పేర్లే వచ్చాయనీ మన పెద్దలు చెప్పుకునేవారు. ఊరి పేరు సంగతి ఎట్లున్నా, కోట కట్టిన తీరు మాత్రం మన పాత కోటల తీరు కాదు.

2018 నుంచి మెట్రో స్టేషనుకూ మూసారాంబాగ్ పేరే ఉంది. ఈసారి పిల్లల దగ్గరికి పోయినప్పుడు అక్కడ దిగి అస్మాన్‌గఢ్ గుట్ట ఎక్కడ అని అడగండి. పొద్దున పూటే పొండి, ఎక్కాలె కదా, మోకాళ్ళ సంగతి మనకు తెలిసిందే.