అరచేతిలో సరస్వతి

నిన్న నా వల్లే ఆలస్యమై, మా ఒకటో తరగతి పిల్ల లేటు చీటీ పట్టుకుని ఏడుస్తూ క్లాసుకెళ్ళింది. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ రాసిన నివేదిక గుర్తొచ్చింది.

ఆ జిల్లాలో అప్పుడు 533 బళ్ళు, అందులో 226 తెలుగువి. పొద్దున ఆరింటికే బడి. ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు... చివరొచ్చినవాడి సంగతి మీరే లెక్కేసుకోండి!

నవ్వుకుంటూ చదివాను. కాస్త ముందుకెళ్ళాక నవ్వాగిపోయింది. విలాయతీ బట్టలొచ్చి నేతగాళ్ళ బతుకు చితికిందనీ, పేదలు పిల్లల్ని బడి మాన్పించి పనికి పంపుతున్నారనీ ఆయనే రాశాడు. తొమ్మిది లక్షల పైచిలుకు జనంలో బడికెళ్ళేది ఏడు వేలమంది కూడా లేరు. ఆలస్యంగా వచ్చినవాడికి దెబ్బలైనా దక్కాయి. అసలు రాలేనివాడికి ఆ సున్న కూడా లేదు.

ఇవాళ పది నిమిషాలు ముందే దింపాను.