పసుపు మట్టి, ముసుగు మనిషి

1904లో ఎడ్వర్డ్ కర్టిస్ అనే తెల్ల ఫోటోగ్రాఫర్ అమెరికాలోని నవాహో ఆదివాసులను ఒక ఫోటో తీశాడు. గుర్రాల మీద వరసగా, మనకు వీపు చూపించి నీడల్లోకి పోతుంటారు. దానికి 'అంతరించిపోతున్న జాతి' అని పేరు పెట్టాడు. వాళ్లు అంతరించలేదు. నలభై ఏళ్ల తర్వాత వాళ్ల నేలకే ముప్పు వచ్చింది.

1944 నుంచి 1986 దాకా నవాహో నేలలోంచి దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. మొదట తవ్వింది అణుబాంబుల కోసమే. చాలా ఏళ్లపాటు కొన్నది అమెరికా ప్రభుత్వం ఒక్కటే. (రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుకు అంతుపట్టని సంకేతంగా వాడుకున్నది కూడా నవాహో భాషనే. భాషా కావాలి, మట్టీ కావాలి!) గనుల్లోకి దిగిన కూలీల్లో వేలమంది నవాహోలే. గాలి ఆడని సొరంగాల్లో దుమ్ము పీల్చారు, గని నీళ్లే తాగారు, ఆ బట్టలతోనే ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకున్నారు. గని రాళ్లతో ఇళ్లు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అది విషమని తెలిసినవాళ్లు వీళ్లకు చెప్పలేదు. మగవాళ్లు ఊపిరితిత్తుల కాన్సర్‌తో ఒక్కొక్కరే పోతుంటే, వాళ్ల భార్యలు కూడి మాట్లాడుకోవడంతో పోరాటం మొదలైంది. పరిహారం చట్టం వచ్చేసరికి 1990 అయింది.

1979 జూలై 16న న్యూమెక్సికోలోని చర్చ్ రాక్ దగ్గర యురేనియం మిల్లు వ్యర్థాల కట్ట తెగింది. 9 కోట్ల గ్యాలన్లకు పైగా విషపు నీరు, 1,100 టన్నుల వ్యర్థం ప్యూర్కో నదిలో కలిసింది. గొర్రెలు తాగే నీళ్లవి. అదే ఏడాది మార్చిలో త్రీమైల్ ఐలాండ్ ప్రమాదం గురించి లోకమంతా మాట్లాడింది. దీని గురించి ఎంతమందికి తెలుసు?

యురేనియాన్ని నవాహోలు లీత్సో అంటారు, పసుపు మట్టి అని. రేడియేషన్ కంటికి కనబడదు, వాసన రాదు. కనబడనిదాన్ని బొమ్మ కట్టడమెలా? విల్ విల్సన్ అనే నవాహో కళాకారుడు కెమెరాతో ఆ పనికి పూనుకున్నాడు. 'ఆటో ఇమ్యూన్ రెస్పాన్స్' అనే ఫోటోల వరసలో విశాలమైన ఎర్రనేల మీద ఒక నవాహో మనిషి ఒంటరిగా ఉంటాడు. కొన్నిట్లో ముఖానికి గాలిముసుగు. ఆ మనిషి విల్సనే. ఇనుప చట్రంతో హోగన్, అంటే వాళ్ల సంప్రదాయపు ఇల్లు, కట్టి అందులో మొక్కలు పెంచుతాడు. కర్టిస్ మనుషులు వెళ్లిపోతున్నారు, ఇతను వెళ్లడు. నేల పాడైందని తెలిసీ అక్కడే బతకాలని చూస్తాడు. మనకు ఈ బొమ్మ బాధ కన్నా మొండితనంగానే కనబడుతుంది.

మన చెంచులనూ 1940ల్లో హైమెండార్ఫ్ ఫోటోలు తీశాడు. శ్రద్ధగానే తీశాడు, కానీ చూసిన కన్ను బయటిది. అదే నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు జనం ఎదురుతిరిగారు. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. ఇక్కడ చెప్పింది కరెంటు కోసమని, అక్కడ బాంబు కోసమని. అడవి కింద నుంచి తీసేది మాత్రం ఒకటే. తవ్వకముందే మన కన్నుతో మన అడవిని బొమ్మ కట్టే వీలు మనకుంది. విల్సన్‌కు ఆ వీలు లేకపోయింది.

నవాహో నేల మీద వదిలేసిన యురేనియం గనులు 500కు పైనే. వాటిని అతను డ్రోన్‌తో పైనుంచి తీస్తున్నాడు. ఆ వరస పేరు 'కనెక్టింగ్ ది డాట్స్'. యూటాలోని మెక్సికన్ హాట్ దగ్గర తీసిన ఫోటోలో రాళ్లు కప్పిన పెద్ద బూడిదరంగు దిబ్బ కనిపిస్తుంది, కొలిచి గీసినట్టు నున్నగా. కింద ఉన్నది మిల్లు వ్యర్థం. దానికి దగ్గర్లోనే హల్చిటా అనే నవాహో ఊరుంది.