కొండ నీటి కరెంటు, కోవై మిల్లుల లెక్క పుస్తకం

మన సంఘం కూటాల్లో కోయంబత్తూరు మిల్లుల మాట వస్తే కొన్ని పేర్లు వరసగా వస్తాయి. 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన జి. కుప్పుస్వామి నాయుడు గారు, పీళమేడు పి.ఎస్.జి. కుటుంబం, మోటార్ల జి.డి. నాయుడు గారు. తప్పకుండా చెప్పుకోవలసిన పేర్లే. అయితే ఆ మిల్లులు ఏ శక్తితో తిరిగాయి, దానికి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చును ఎవరు లెక్కపెట్టి తగ్గించారు అన్న సంగతి మన మాటల్లో రాదు. మిల్లు పెట్టడం ఒక ఎత్తు. నూరేళ్లు నడపడం ఇంకొక ఎత్తు. ఈసారి ఆ రెండో సంగతి రాస్తున్నాం.

కొంగునాడుకు మన పెద్దలు వచ్చింది మిల్లుల కోసం కాదు. విజయనగరం కాలంలోనూ, ఆ తరువాత నాయక రాజుల కాలంలోనూ వచ్చి నల్లరేగడి నేలలు చూసుకొని నిలిచారు. పత్తి పండించారు. తరువాత పత్తి వ్యాపారం చేశారు, జిన్నింగ్ మరలు పెట్టారు. ఊళ్లో మొదటి పెద్ద నూలు మిల్లు మాత్రం తెల్లవాళ్లదే. 1888లో రాబర్ట్ స్టేన్స్ దొర మొదలుపెట్టిన కోయంబత్తూరు స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు అది.

ఆ కాలపు మిల్లంటే ఆవిరి మిల్లు. ఒక బాయిలరు, ఒక పెద్ద ఇంజను. ఇంజను నుంచి పట్టాలు, తాళ్లు పైకి పోయి, కప్పు కింద పొడవునా ఉండే ఇనుప షాఫ్టును తిప్పేవి. షాఫ్టు నుంచి మళ్లీ ఒక్కొక్క మరకు ఒక్కొక్క తోలుపట్టా దిగేది. చూడడానికి గొప్పగా ఉండేది గానీ లెక్కకు మంచిది కాదు. సగం మరలు ఆగి ఉన్నా షాఫ్టు మొత్తం తిరగాల్సిందే. పట్టాల జారుడులో, బేరింగుల రాపిడిలో కొంత శక్తి నూలు దాకా రాకుండానే పోయేది. షిఫ్టు మొదలవడానికి చాలా ముందే బాయిలరు కింద మంట వేయాలి. బొగ్గు చూస్తే దూరం నుంచి రైల్లో రావాలి. గనులకు దూరంగా ఉన్న మన ఊరికి ఇది పెద్ద బరువు. 1930కి ముందు ఇక్కడ మిల్లులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ బరువు దించింది నీలగిరి కొండల నీరు. మద్రాసు ప్రభుత్వం 1927లో విద్యుత్ శాఖ పెట్టి, హెచ్.జి. హోవార్డ్ అనే ఇంజనీరు నడిపింపులో పైకారా పథకం చేపట్టింది. పైకారా నది నీటిని పైపుల్లో సుమారు మూడువేల అడుగుల కిందికి, సింగారా పవర్‌హౌసుకు దించారు. అంత ఎత్తు నుంచి నీరు దించి కరెంటు తీసే పథకాలు ఆ రోజుల్లో ప్రపంచంలోనే అరుదు. 1930ల మొదట్లో ఆ కరెంటు కోయంబత్తూరుకు దిగింది. కర్ణాటకలోని మనవాళ్లకు ఈ కథ కొత్త కాదు. కోలారు బంగారు గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. అక్కడ గనులకు జరిగింది, ఇక్కడ మిల్లులకు జరిగింది.

ఆ పదేళ్లలో మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. కరెంటు ఒక్కటే కారణం అనడం సరికాదు. పత్తి పక్కనే ఉంది, పెట్టుబడి పెట్టే రైతు కుటుంబాలు ఉన్నాయి, పనికి వచ్చే పల్లెలు ఉన్నాయి. అయినా ఈ మూడూ అంతకుముందు కూడా ఉన్నవే. కొత్తగా వచ్చింది కరెంటే.

అసలు మార్పు తీగ వచ్చినంత మాత్రాన రాలేదు. మొదట్లో చాలాచోట్ల ఆవిరి ఇంజను తీసి, ఆ చోటులో ఒక పెద్ద మోటారు పెట్టి, పాత షాఫ్టునే తిప్పేవారు. బొగ్గు పోయింది గానీ దండగ పోలేదు. మరకొక సొంత మోటారు వచ్చాకే మిల్లులో శక్తి ఎక్కడ పోతోందో కంటికి కనబడింది. పని లేని మరను ఆపవచ్చు. ఏ మర ఎంత తాగుతుందో విడిగా కొలవవచ్చు. కొలత దొరికిన చోటే పొదుపు మొదలవుతుంది.

ఇక్కడే జి.డి. నాయుడు గారి పేరు, డి. బాలసుందరం నాయుడు గారి పేరు కలిపి చెప్పుకోవాలి. 1937లో వాళ్ల కర్మాగారంలో తయారైన మోటారును దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకుంటారు. అది గొప్పే. మన ఊరికి దానికన్నా గొప్ప ఏమిటంటే మోటారు విప్పడం, చుట్టడం, బాగుచేయడం ఇక్కడి చేతులకు వచ్చింది. ఆ చేతులే కోవైని పంపుల ఊరు, మోటార్ల ఊరు చేశాయి.

ఇంకొక మాట దాచకుండా రాయాలి. ఇదే కరెంటు పొలాల్లో మోట బావులను ఆపేసి పంపులు తెచ్చింది. మోటకు తోలు బొక్కెనలు కుట్టి ఇచ్చినవారు అరుంధతీయ కుటుంబాలు. వాళ్ల ఇంటిమాట కూడా తెలుగే. పంపు వచ్చాక ఆ తోలుపని తరిగిపోయింది. కొందరికి మిల్లు కట్టించిన కరెంటు, ఇంకొందరి చేతిపని తీసేసింది. మన తెలుగువాళ్ల చరిత్ర అని రాసేటప్పుడు ఈ రెండూ ఒకే పుటలో ఉండాలి.

నీటి కరెంటుకు ఒక చిక్కు ఉంది. కొండ మీద వాన తగ్గిన ఏడాది కింద మిల్లులో కోత పడుతుంది. అందువల్ల కోవై మిల్లులకు పొదుపు ఎవరో వచ్చి చెప్పిన నీతి కాదు, వానలేమి నేర్పిన పాఠం. 1956లో ఇక్కడి మిల్లులు కలిసి సిట్రా, అంటే దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘం, పెట్టుకున్నాయి. ఒకరితో ఒకరు పోటీపడే యజమానులు తమ లెక్కలు ఒకచోట పెట్టి పోల్చుకోవడానికి ఒప్పుకున్నారు. మా దృష్టిలో అది మిల్లు కట్టడం కన్నా కష్టమైన పని.

ఆ పోలికకు పనికొచ్చిన కొలత చిన్నది. ఒక కిలో నూలుకు ఎన్ని యూనిట్లు? మిల్లువాళ్లు దీన్ని యూకేజీ అంటారు. సన్న నూలుకు కరెంటు ఎక్కువ, ముతక నూలుకు తక్కువ. ఉన్నదున్నట్టు పోలిస్తే అన్యాయం అవుతుంది. కాబట్టి అన్నిటినీ 40వ నంబరు నూలుకు సరిచేసి చూస్తారు. అప్పుడు ఏ మిల్లు బాగా నడుస్తోందో, ఏది దండగ చేస్తోందో తేలిపోతుంది.

చదివే పిల్లలకు ఒక లెక్క. రోజుకు 5,000 కిలోల నూలు తీసే మిల్లు ఒకటి ఉందనుకుందాం. కిలోకు 5 యూనిట్లయితే రోజుకు 25,000 యూనిట్లు. కిలోకు 0.2 యూనిట్ తగ్గిస్తే రోజుకు 1,000 యూనిట్లు మిగులుతాయి. నూలు మిల్లులో పత్తి తరువాత పెద్ద ఖర్చుల్లో కరెంటు ఒకటి గనుక, చిన్న మిల్లుకు ఇది లాభ నష్టాల మధ్య గీత.

ఆ 0.2 ఎక్కడ దొరుకుతుంది? ఒక్కచోట దొరకదు. కరెంటులో పెద్ద వాటా రింగ్ ఫ్రేములదే. అక్కడ కదుర్లను తిప్పే టేపు బిగువు, నూనె, అరిగిన బేరింగు, అన్నీ లెక్కకు వస్తాయి. తరువాత తేమ ప్లాంటు. నూలు తెగకుండా లోపల గాలి తడిగా ఉంచాలి, అందుకు పెద్ద ఫ్యాన్లు తిరుగుతాయి. ఫ్యాను వేగం నూటికి ఇరవై తగ్గిస్తే అది తీసుకునే శక్తి దాదాపు సగానికి పడుతుంది. వానాకాలంలో బయటి గాలే తడిగా ఉన్నప్పుడు ఫ్యాను నిండు వేగంతో ఎందుకు తిరగాలి? ఈ ప్రశ్న వేసినవాడే మిల్లును నిలబెట్టాడు. గాలి పైపుల్లో బుస్సుమనే లీకు, అవసరానికి మించిన మోటారు, పవర్ ఫ్యాక్టరు పడిపోకుండా కెపాసిటర్లు, అన్నీ ఇలాంటివే.

1990ల్లో మన మిల్లులు గాలిమరలు కొన్నాయి. పాలక్కాడు కనుమ గుండా వచ్చే గాలిని పల్లడం, ఉడుమలైపేట వైపు పట్టి సొంత కరెంటు చేసుకున్నాయి. అయినా 2008 చివర నుంచి కొన్నేళ్లు తమిళనాడులో గడ్డుకాలం వచ్చింది. కోతల రోజుల్లో మరలు ఆగాయి, షిఫ్టులు పోయాయి, కూలి పోయింది. డీజిల్ జనరేటరు కరెంటు ధరకు నూలు అమ్మి బతకడం చిన్న మిల్లుకు చేతకాలేదు. కొలత అలవాటున్న మిల్లులకు ఏది ఆపాలో, ఏది నడపాలో ముందే తెలుసు. తక్కినవి చీకట్లో తడుముకున్నాయి.

ఇప్పుడు దేశానికంతా చట్టం ఉంది. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. 2012లో మొదలైన పాట్ పథకం పెద్ద కర్మాగారాలకు గురి పెట్టింది. గురికన్నా ఎక్కువ మిగిల్చినవాళ్లు ఆ మిగులును అమ్ముకోవచ్చు. మొదటి విడతలో 478 కర్మాగారాలు, వాటిలో వస్త్ర మిల్లులూ ఉన్నాయి. కానీ చిన్న మిల్లులు ఆ గీతకు కిందే ఉండిపోతాయి. వాటికి చట్టం కాదు, పక్క మిల్లువాడు లెక్క చూపించడమే దారి. 1956లో పెద్దలు చేసింది అదే.

పాత మిల్లులు ఎన్నో మూతపడ్డాయి. వాటి స్థలాల్లో దుకాణాలు, ఇళ్లు వస్తున్నాయి. యజమానుల ఫోటోలు దండలతో భద్రంగా ఉన్నాయి. ప్రతి షిఫ్టుకూ మీటరు చూసి రాసిన పుస్తకాలు మాత్రం పాత కాగితాల బండికి పోతున్నాయి. వాటిలో ఎలక్ట్రీషియన్ల, ఫిట్టర్ల చేతిరాత ఉంది. ఏ ఏడాది వాన లేదో, ఏ రోజు ఏ మర ఎంత తాగిందో ఉంది. చాలావరకు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఏ లిపిలో ఉన్నా మన చరిత్రే.

మీ ఇంట్లో గానీ, మీకు తెలిసిన మిల్లులో గానీ అలాంటి లాగ్ బుక్కు, వైరింగ్ పటం, షిఫ్టు రిజిస్టరు ఉంటే బండికి వేయకండి. సంఘానికి తెచ్చి చూపించండి, ఫోటోలు తీసుకొని తిరిగి ఇచ్చేస్తాం. మిల్లు కరెంటు పని చేసిన తాతలు ఇంట్లో ఉంటే పక్కన కూర్చొని వాళ్ల మాట రికార్డు చేయండి. పేరు, ఊరు, ఏ డిపార్టుమెంటు, ఏమేం మార్చారు, ఎంత మిగిలింది అని అడగండి. ఇంతకాలం మనం యజమానుల పేర్లే రాసుకున్నాం. మీటరు చూసినవాళ్ల పేర్లు కూడా ఇకనైనా రాసుకుందాం.