మలేరియా మందులు – లూపస్ చర్మవ్యాధి

మలేరియా కోసం పుట్టిన కొన్ని మందులు లూపస్ అనే చర్మవ్యాధిని కూడా అదుపు చేస్తాయి. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే సొంత కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. ముక్కు మీదుగా రెండు బుగ్గలకూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి దద్దు పరుచుకుంటుంది. ఎండ తగిలితే ముదురుతుంది. డిస్కాయిడ్ రకంలో నాణెమంత మచ్చలు పొలుసులు కడతాయి. తల మీద వస్తే, మచ్చ మానినా అక్కడ జుట్టు మళ్లీ మొలవకపోవచ్చు.

1894లో లండన్ వైద్యుడు జోసెఫ్ ఫ్రాంక్ పేన్ లూపస్‌కు క్వినైన్ వాడాడు. 1951లో ఫ్రాన్సిస్ పేజ్ 18 మందికి మెపాక్రిన్ ఇచ్చి, ఫలితాలను ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించాడు. అయితే మెపాక్రిన్‌తో చర్మం పసుపు పూసినట్టు మారుతుంది. 1955లో అమెరికాలో అనుమతి పొందిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌కే నేడు అగ్రతాంబూలం.

ఈ మందు కణాల్లోని లైసోజోముల్లో పేరుకుని, అక్కడి ఆమ్లతను తగ్గిస్తుంది. దాంతో వాపును రగిలించే టోల్ లాంటి గ్రాహకాల సంకేతాలు, ఇంటర్‌ఫెరాన్ ఉత్పత్తి తగ్గుతాయి.

గుణం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పొగతాగేవారిలో ఫలితం తక్కువని పలు అధ్యయనాలు గమనించాయి.

అసలు జాగ్రత్త కంటి విషయంలో. దీర్ఘకాలం వాడితే రెటీనా దెబ్బతినవచ్చు, ఆ నష్టం తిరిగి పూడదు. అందుకే రోజు మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించకూడదని, అంటే 50 కిలోల మనిషికి 250 మిల్లీగ్రాములని, 2016లో అమెరికా నేత్రవైద్యుల అకాడమీ సూచించింది. మందు మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష అవసరం.