రాని ఓడకు కిరాయి, పక్క ఊరికో రేటు

కాస్త పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

దుక్కుల టైముకి ట్రాక్టర్ ఆయన ఎకరానికి కిరాయి పెంచాడంటే మనం ఆయన మీద పడతాం. ఆయన బంకు మీద పడతాడు. బంకాయన ఏమో "పొద్దున ఆరింటికి కంపెనీ నుంచి వచ్చిన రేటు, నా చేతిలో ఏముంది" అంటాడు. నిజమే, ఆయన చేతిలో లేదు. కానీ కాకినాడ వైపు కొట్టించుకునే పెట్రోలుకీ, యానాంలో దిగి కొట్టించుకునే పెట్రోలుకీ పది రూపాయలకు పైగా తేడా ఎందుకుంటుంది? హిందూపురం వైపు వాళ్లు హద్దు దాటి కర్ణాటక బంకుకి ఎందుకు పోతారు? ఈ తగువు నిన్న మొన్న పుట్టింది కాదు. దీని వేర్లు మన తాతల కాలం నాటి కిరసనాయిలు డబ్బా దగ్గర ఉన్నాయి.

1927లో మన దేశంలో కిరసనాయిలు రేటు ఉన్నట్టుండి పడిపోయింది. కారణం మన మీద ప్రేమ కాదు. రష్యాలో విప్లవం వచ్చాక అక్కడి నూనె బావులు ప్రభుత్వం చేతికి పోయాయి, అందులో షెల్ కంపెనీవీ ఉన్నాయి. ఆ రష్యా కిరసనాయిలునే అమెరికా వాళ్ల స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూయార్క్ కొని తెచ్చి ఇక్కడ అమ్మింది. షెల్ అధిపతి డిటర్డింగ్‌కి ఒళ్ళు మండింది. అది తన దగ్గర దొంగిలించిన సరుకన్నాడు, పోటీకి దిగి రేటు తగ్గించాడు. వాళ్లూ తగ్గించారు. లాంతరు వెలిగించుకునే ఇంటికి కొన్నాళ్లు చవగ్గా దొరికింది.

ఎన్నాళ్లు? 1928 ఆగస్టులో స్కాట్లండ్‌లో అక్నకారీ అనే కోటలో పెద్ద కంపెనీల పెద్దలు కూర్చున్నారు. డిటర్డింగ్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ నుంచి టీగిల్, పర్షియా నూనె కంపెనీ నుంచి కాడ్‌మన్. ఎవరి మార్కెట్ వాళ్లది, ఎవరూ ఎవరి మీదా రేటు తగ్గించకూడదు, ఇదీ ఒప్పందం. మన మార్కెట్ యార్డులో వేలానికి ముందే వ్యాపారులు టీకొట్టు దగ్గర మాట్లాడేసుకుంటే ఎట్లా ఉంటుందో అదే, ప్రపంచం సైజులో.

అందులో అసలు మెలిక ఇది. నూనె ఎక్కడి నుంచి వచ్చినా, అమెరికాలోని మెక్సికో సింధుశాఖ రేవులో ఉన్న రేటు, దాని మీద అక్కడి నుంచి ఇక్కడికి ఓడ కిరాయి కలిపి ధర కట్టేవాళ్లు. పక్కనే ఇరాన్‌లోని అబాదాన్ నుంచి వచ్చిన సరుక్కి కూడా అమెరికా నుంచి వచ్చినట్టే కిరాయి! పక్కూరి నుంచి గడ్డి తెచ్చి, ఢిల్లీ నుంచి తెచ్చినట్టు లారీ బాడుగ వసూలు చేస్తే ఊరుకుంటామా? కానీ అది ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే బిల్లులో కిరాయి అని విడిగా రాయరు కదా. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఇదే లెక్క నడిచింది.

ఇక పక్క ఊరికో రేటు సంగతి. దీనికి పుట్టిన తేదీ ఉంది. 1938లో అప్పటి మధ్య పరగణాలు, బేరార్ ప్రభుత్వం పెట్రోలు అమ్మకం మీద నూటికి ఐదు పన్ను వేసింది. ఢిల్లీ సర్కారు అడ్డం పడింది. పెట్రోలు మీద ఎక్సైజు సుంకం వేసే హక్కు మాదే, మీరు పేరు మార్చి అదే వేస్తున్నారు అంది. విషయం ఫెడరల్ కోర్టుకి పోయింది. ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వైర్ ఉన్న ఆ కోర్టు 1938 డిసెంబరులో తేల్చింది: తయారీ మీద సుంకం కేంద్రానిది, అమ్మకం మీద పన్ను రాష్ట్రానిది, రెండూ ఉండొచ్చు. ఈ రోజు మీరు కొట్టించే ప్రతి లీటరు మీదా ఇద్దరూ చేయి పెట్టడానికి దారి అక్కడ పడింది. మరుసటి ఏడాది మద్రాసులో రాజాజీ ప్రభుత్వం పెట్రోలు మీద అమ్మకం పన్ను చట్టం తెచ్చింది. అప్పటికే సేలం, చిత్తూరు, కడప జిల్లాల్లో మద్యనిషేధం పెట్టి ఆదాయం పోగొట్టుకుని ఉన్నారు, ఆ లోటు పూడ్చుకోవాలి. ఆ రోజుల్లో మందు ఆపి పెట్రోలు మీద వేశారు, ఇప్పుడు రెండూ కావాలి.

స్వాతంత్ర్యం వచ్చాక కథ మారిందా అంటే, సగం మారింది. 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది. మన రేవులోనే శుద్ధి చేసినా రేటు మాత్రం బయటి దేశం నుంచి దిగుమతి అయినట్టే కట్టేవాళ్లు. 1960లో రష్యా చవగ్గా ముడి చమురు ఇస్తానంటే విదేశీ కంపెనీలు తమ రిఫైనరీల్లో శుద్ధి చేయం పొమ్మన్నాయి. మంత్రి కేశవ్ దేవ్ మాలవీయ ఆ బేరాన్ని చూపించే వాళ్ల దగ్గర కొంత రేటు తగ్గించగలిగాడు. ఆ తర్వాత దామ్లే కమిటీ కూర్చుని కంపెనీల లెక్కలు విప్పింది. 1970లలో ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ అన్నీ ప్రభుత్వం చేతికి వచ్చాయి. విశాఖ రిఫైనరీ హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది.

1973లో అరబ్బు దేశాలు సరఫరా బిగించి రేట్లు పెంచినప్పుడు వాజపేయి గారు ఎడ్లబండి మీద పార్లమెంటుకి వెళ్లారు. అప్పటి నుంచి ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకి ఎడ్లబండి గుర్తొస్తుంది, కుర్చీ ఎక్కినవాళ్లకి మన ట్రాక్టర్ కూడా గుర్తుకు రాదు. ఏ పార్టీకీ మినహాయింపు లేదు.

చాలా ఏళ్లు ప్రభుత్వమే రేటు కట్టి, ఆయిల్ పూల్ ఖాతాలో ఒకచోట లాభాన్ని ఇంకోచోట నష్టానికి సర్దింది. 2002 ఏప్రిల్‌లో ఆ ఖాతా ఎత్తేశారు. 2010 జూన్‌లో పెట్రోలు, 2014 అక్టోబరులో డీజిల్ వదిలేశారు. 2017 జూన్ 16 నుంచి రోజూ మారే రేటు. మధ్యలో 2013లో డీజిల్ మీద నెలకి 50 పైసలు పెంచుకుంటూ పోయారు, అది నొప్పి తెలియకుండా ఎక్కించిన ఇంజెక్షన్.

రాని ఓడ కిరాయి పోయిందనుకుంటున్నారా? 2006 నుంచి రంగరాజన్ కమిటీ చెప్పిన లెక్క నడుస్తోంది. రిఫైనరీ దగ్గర కట్టే ధరలో 80 శాతం పాలు, ఆ డీజిల్ డీజిల్‌గానే విదేశం నుంచి ఓడలో దిగితే ఎంతవుతుందో ఆ లెక్క. అంటే ఓడ కిరాయి, బీమా, దిగుమతి సుంకం అన్నీ ఊహించి కలపడం. ముడి చమురు ఓడలో వస్తుంది నిజమే, కానీ డీజిల్ తయారయ్యేది మన విశాఖలో. అమెరికా రేవు పోయి గల్ఫ్ రేవు వచ్చింది, అంతే.

దాని మీద కేంద్రం సుంకం. డీజిల్ మీద 2014లో లీటరుకి 3.56 రూపాయలు ఉన్నది 2020 మే నాటికి 31.83 అయ్యింది. అప్పుడు ప్రపంచంలో ముడి చమురు నేలకు దిగింది. ఆ లాభం మన దాకా రాకుండా సుంకం మింగింది. 2021 నవంబరులో 10, 2022 మేలో 6 తగ్గించి 15.80కి తెచ్చారు. అప్పటి ఆ 15.80లో రాష్ట్రాలతో పంచుకున్నది 1.80 మాత్రమే. మిగతాది సెస్సులు, ప్రత్యేక సుంకాలు. వాటిలో 4 రూపాయలు వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు. 2021 బడ్జెట్లో పెట్టారు. మన పేరు మీద, మన ట్రాక్టర్ ట్యాంకులోంచే. ఆ రోజు వేరే సుంకం అంతే తగ్గించి రేటు పెరగకుండా చూశారు కాబట్టి గోల కాలేదు. కానీ రాష్ట్రాలతో పంచే డబ్బు పంచక్కర్లేని డబ్బుగా మారిపోయింది.

పంపకంలో తగ్గిన రాష్ట్రం ఏం చేస్తుంది? తన చేతిలో ఉన్న వ్యాట్ పట్టుకుంటుంది. విభజన అయిన ఏడాదికే చూడండి. 2015 జనవరిలో తెలంగాణ పెట్రోలు మీద 31 నుంచి 35.2 శాతానికి, డీజిల్ మీద 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. ఫిబ్రవరిలో ఆంధ్రా శాతాలు కదపకుండా లీటరుకి 4 రూపాయలు అదనం వేసింది. 2018లో అందులో 2 తగ్గించారు. 2020లో కొత్త ప్రభుత్వం మళ్లీ 4 చేసి, రోడ్ల పేరుతో ఇంకో రూపాయి కలిపింది. పైగా ఈ శాతం కేంద్రం సుంకం కలిపిన ధర మీద పడుతుంది, అంటే పన్ను మీద పన్ను. 2021 నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు కర్ణాటక తన వంతు 7 రూపాయలు తగ్గించింది. మన రెండు రాష్ట్రాలూ తగ్గించలేదు. అప్పటి నుంచే హద్దు బంకుల్లో మనవాళ్ల క్యూలు పెరిగాయి. తర్వాత కర్ణాటక కూడా పెంచింది లెండి, 2024లో ఒకసారి, 2025లో ఒకసారి.

ఒకే రాష్ట్రంలో జిల్లా జిల్లాకి ఉండే పైసల తేడా మాత్రం డిపో నుంచి ట్యాంకర్ దూరానిది. అది న్యాయమేనా అంటే, అందరికన్నా రోడ్డు అధ్వాన్నంగా ఉన్నవాడే అందరికన్నా ఎక్కువ కట్టాలన్నమాట. 2024 అక్టోబరు ఆఖరులో కంపెనీలు రాష్ట్రం లోపల ఈ రవాణా ఖర్చును సవరించాయి. మన హద్దుకి అవతల ఒడిశా మల్కనగిరి జిల్లాలో కొన్నిచోట్ల లీటరుకి 4 రూపాయలకు పైగా తగ్గింది. అంటే తలుచుకుంటే ఒక రాత్రిలో అయ్యే పని.

జీఎస్టీలో పెడితే అన్నిచోట్లా ఒకటే రేటు అవుతుంది కదా అంటారు. 2017లోనే బయట ఉంచారు. 2021 సెప్టెంబరు 17న లక్నోలో జీఎస్టీ కౌన్సిల్ ముందుకి వచ్చింది, ఇంకా సమయం కాలేదన్నారు. తగ్గే ఆదాయం కేంద్రానికీ అక్కర్లేదు, ఏ పార్టీ రాష్ట్రానికీ అక్కర్లేదు.

పంటకి 100 లీటర్లు తాగే ట్రాక్టర్‌కి లీటరుకి పది రూపాయల తేడా అంటే వెయ్యి రూపాయలు. గిట్టుబాటు లెక్కలో ఇది ఎవరు కలుపుతున్నారు? ఆంధ్రాలో వేట బోట్లకి లీటరుకి 9 రూపాయల రాయితీ 2019లో ఇచ్చారు. మంచి పని. బోటుకి కొలిచి ఇవ్వగలిగిన లెక్క, పాస్‌బుక్కు చూపించే రైతుకి ఎకరాల ప్రకారం ఇవ్వలేనిదేం కాదు. వచ్చే గ్రామసభలో తీర్మానం రాయించేటప్పుడు ఆ 9 రూపాయలు, మన పేరు మీద పోతున్న ఆ 4 రూపాయలు పక్కపక్కన రాయించండి.