క్లాస్ లీడర్ మాటతీరు

లీడర్ అంటే గట్టిగా అరిచేవాడే అనుకుంటున్నారా? కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ 1939లో ప్రచురించిన పరిశోధన చూడండి. అమెరికాలోని అయోవాలో పది, పదకొండేళ్ల మగపిల్లల క్లబ్బులు పెట్టి, మాస్కులు చేయడం వంటి పనులు చేయించారు. నిరంకుశ నాయకుడు ఒక్కో మెట్టే చెప్పేవాడు, తర్వాతేమిటో ముందుగా చెప్పడు. ప్రజాస్వామ్య నాయకుడు మొత్తం పని వివరించి, రెండు మూడు దారులు చూపి, పిల్లల్నే తేల్చుకోమనేవాడు. మూడో రకం అడిగితేనే నోరు విప్పేవాడు, అక్కడ పని సరిగా సాగలేదు. నిరంకుశ నాయకుడు గది దాటగానే పని పడిపోయేది, ప్రజాస్వామ్య బృందంలో మాత్రం సాగేది. అసలు విశేషం, ఒకే మనిషి వేర్వేరు క్లబ్బుల్లో వేర్వేరు తీరులు పాటించాడు. అంటే ఇది పుట్టుకతో వచ్చే గుణమేమీ కాదు, నేర్చుకోవచ్చు.

అలాగని ఫైర్ డ్రిల్లులో చర్చ పెట్టకండి! అక్కడ "బయటికి నడవండి" చాలు. స్కూల్ డే పనులు పంచేటప్పుడు మాత్రం కూర్చుని మాట్లాడుకోవాలి.

మన బడిలో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఒకటో తరగతి పిల్లల ముందు ఇంగ్లీషు నోటీసు గబగబా చదివేస్తే చెప్పినట్టు కాదు. తెలుగులో చెప్పండి, అవసరమైతే తమిళంలోనూ చెప్పండి. "ఏం అర్థమైందో నువ్వు చెప్పమ్మా" అని ఇద్దరు ముగ్గురిని అడిగాకే పక్క క్లాసుకు వెళ్లండి.