ఓజోన్ పైనుంటే గొడుగు.. కిందికొస్తే విషం! లేజర్‌తో ఎలా కొలుస్తారంటే..

ఓజోన్ అనగానే ఆకాశంలో మనల్ని కాపాడే పొరే గుర్తొస్తుంది. కానీ అదే వాయువు మనం పీల్చే గాలిలో పెరిగితే ఊపిరితిత్తులకు, వరి చేలకు దెబ్బే. అమలాపురం, రాజోలు, కొత్తపేట.. వరిని నమ్ముకున్న కోనసీమకు ఇది తెలియాల్సిన విషయమే.

ఎలా పుడుతుంది?
ఇది ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు. వాహనాలు, డీజిల్ జనరేటర్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోల్ ఆవిరి లాంటి వాయువులు ఎండలో చర్య జరిపితే తయారవుతుంది. ఆకుల్లోని సన్నని రంధ్రాల్లోంచి లోపలికెళ్లి కిరణజన్య సంయోగక్రియను తగ్గిస్తుంది. దాంతో దిగుబడి పడిపోతుంది. మన దేశంలో దీని పరిమితి.. 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు.

నేల మీద కొలిస్తే సరిపోదా?
సరిపోదు. నేల మీది మీటర్ ఆ చోటి గాలి గురించే చెబుతుంది. రాత్రంతా కిలోమీటరు ఎత్తులో నిలిచిన ఓజోన్, ఎండ ఎక్కాక గాలి కలిసిపోయి కిందికి దిగుతుంది. బెలూన్ పంపితే అది పైకెళ్లిన ఆ కాసేపటి లెక్కే దొరుకుతుంది. లేజర్ అయితే గంటల తరబడి చూస్తూనే ఉంటుంది.

లేజర్ ఏం చేస్తుంది?
కంటికి కనిపించని రెండు అతినీలలోహిత కిరణాలను ఆకాశంలోకి వదులుతారు. ఉదాహరణకు ఒకటి 289, ఇంకోటి 299 నానోమీటర్లు. మొదటిదాన్ని ఓజోన్ ఎక్కువగా మింగేస్తుంది, రెండోదాన్ని తక్కువగా. గాలికి తగిలి వెనక్కొచ్చే వెలుగును టెలిస్కోప్ పడుతుంది. 10 మైక్రోసెకన్లలో తిరిగొస్తే అది 1.5 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చినట్టు. ఎత్తు పెరిగేకొద్దీ రెండింటి మధ్య తేడా ఎంత పెరిగిందో చూస్తే, ఏ ఎత్తులో ఎంత ఓజోన్ ఉందో తేలిపోతుంది. దీన్నే 'డయల్ లైడార్' అంటారు.

మన రాష్ట్రంలో లైడార్ ఉందా?
ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998లోనే జపాన్ సహకారంతో లైడార్ పెట్టారు. అయితే అది 532 నానోమీటర్ల పచ్చ లేజర్. ధూళి కణాలు, మేఘాలు, పైవాతావరణంలో ఉష్ణోగ్రతల కోసం వాడేది. కింది గాలిలో ఓజోన్ కోసం అమెరికాలో 'టోల్‌నెట్' పేరుతో ఏకంగా లైడార్ల నెట్‌వర్కే నడుస్తోంది.

మనమేం చేయాలి?
ఓజోన్ సాధారణంగా మధ్యాహ్నం పూట ఎక్కువగా ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, పిల్లలు ఆ టైమ్‌లో ఆరుబయట శ్రమ తగ్గించుకోవడం మంచిది. మాస్క్ ఉందిగా అనుకోవద్దు.. మామూలు మాస్క్ ధూళినే ఆపుతుంది, ఓజోన్‌ను కాదు.